పెరటి మన్ను

ఉదయమున వాకిలి యూడ్చి, రాలిన వేపాకును, మామిడాకును ప్రోగుచేసి నిప్పంటించుట నేటికిని అనేక గృహములలో కాననగును. ఆ యింటివారే పెరటిలోని బీరపాదు పాలిపోయినదని చింతింతురు. పాదు తినవలసిన తిండి పొగయై పోయినది గదా!

అట్లని ఎండుగడ్డిని, పచ్చి పేడను తిన్నగా పాదులో వేయరాదు. పచ్చి పేడకు చెదలు చేరును. ఎండుగడ్డిని క్రుళ్ళజేయు సూక్ష్మజీవులు మంటిలోని నత్రజనిని ముందు తామే గ్రహించును. మొక్క మఱింత పసుపుబాఱును. ఆ క్రుళ్ళుట గోతిలోనో, కుప్పలోనో ముగియవలెను.

ఇందులకొక క్రమమును ఆల్బర్టు హోవర్డు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1924–1931 నడుమ ఇండోరులో రూపొందించెను. ఆకుచెత్త, పేడ, పశుమూత్రమున తడిసిన మన్ను, కట్టెబూడిద పొరలుగా పేర్చి, తడిపి, అప్పుడప్పుడు తిరుగవేయించగా సుమారు 3 నెలలకు ఎరువు సిద్ధమయ్యెడిది. భారతదేశపు రైతులను, పంటపురుగులను ఆయన తన ఆచార్యులని చెప్పుకొనెను. పురుగులకు ఆ గౌరవమిచ్చినవారు అరుదు!

పక్వమైన ఎరువు కంపుకొట్టదు. తొలకరికి తడిసిన నేలవలె వాసనవేయును. అది కలిసిన ఇసుకనేల నీటిని నిలుపుకొనును, రేగడి గుల్లబాఱును. రెండు మూడేండ్లు విడువక వేసినచో, పాదు త్రవ్వునపుడు వానపాములు బయటపడును. పిల్లలు బెదరి పాఱ విడుతురు. ఇంటి పెద్ద మాత్రము వానిపై మెల్లగా మన్ను కప్పును.