అత్తయ్య ఇన్సులిన్ సీసా

ఏప్రిల్ 11, నరసరావుపేట

మెడికల్ షాపులో అత్తయ్యకి ఇన్సులిన్ తెచ్చాను. షాపబ్బాయి డీప్ ఫ్రీజర్లోంచి ఐసు ముక్కలు తీసి కవర్లో పోసి, వాటి మధ్యలో సీసాలు గుచ్చబోయాడు. "ఎండ కదక్కా, పాడైపోద్ది" అన్నాడు. మనసు మంచిదే, పనే తిరకాసు. వద్దని, సీసాలను కాగితంలో గట్టిగా చుట్టించి, పైన తడిగుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చాను. ఎండైనా ఇన్సులిన్‌కి కొంత గడువిస్తుంది. గడ్డకడితే ఆ గడువూ ఉండదు. మళ్లీ కరిగి మామూలుగా కనబడినా ఆ మందు పారెయ్యాల్సిందే.

ఏప్రిల్ 14

పాత సీసా తెరిచి నాలుగు వారాలైంది. లేబుల్ మీద పెన్నుతో వేసుకున్న తేదీ ఉంది కాబట్టి వాదన లేదు. అత్తయ్యకి మాత్రం ఉంది. "అడుగున అంత మందుంటే పారేస్తావా అమ్మాయ్? డబ్బులేమన్నా చెట్లకు కాస్తున్నాయా?"

లెక్క ఆవిడదీ నిజమే. సీసాలో 400 యూనిట్లు. పొద్దున 8, రాత్రి 4 చొప్పున 28 రోజులకి 336. మిగతా 64 దండగే. అయినా పారేశాను. గడువు మందును బట్టి మారుతుంది. అత్తయ్య వాడే రకానికి మా డాక్టరుగారు చెప్పింది నాలుగు వారాలే.

ఏప్రిల్ 27

మధ్యాహ్నమంతా కరెంటు లేదు. ఫ్రిజ్ తలుపు తియ్యొద్దని పిల్లలకి గట్టిగా చెప్పాను. మాది ఒకే తలుపు ఫ్రిజ్. ఫ్రీజరు కింది ట్రేలో కొత్తిమీర కూడా గడ్డకడుతుంది. అందుకే సీసాల డబ్బా తలుపు అరలో, మజ్జిగ సీసా పక్కన ఉంటుంది.

మే 5

మా ఇంట్లో పనిచేసే ఆవిడ పొద్దున్నే అడిగింది, "అమ్మగారూ, మా అమ్మ సూదిమందు మీ ఫ్రిజ్‌లో పెట్టుకోనా?" అని.

వాళ్లింట్లో ఫ్రిజ్ లేదు. ఆస్పత్రిలో మందిచ్చి "ఫ్రిజ్‌లో పెట్టుకోండి" అని పంపారట. ఇన్నాళ్లూ రెండు వీధుల అవతల ఒకరింట్లో పెట్టారు. ఆ పెద్దామె పొద్దునా రాత్రీ నడిచి వెళ్లి, వాకిట్లో నిలబడి, సీసా అడిగి తీసుకుని సూది వేసుకుని రావాలి. వాళ్లు ఊరెళ్తే, లేదా పెందలాడే తలుపులేసుకుంటే, ఆ పూటకి మందు లేదు. "అస్తమానం అడగాలంటే సిగ్గేత్తంది" అని వారంలో కొన్ని పూటలు మానేస్తోందట.

నాకు ఒళ్లు మండింది. వాడుతున్న సీసాకి ఫ్రిజ్ తప్పనిసరి కాదు. 25, 30 డిగ్రీలు దాటకుండా నీడపట్టున ఉంటే చాలు. ఆ ముక్క ఆమెకి ఎవరూ చెప్పలేదు.

మే 7

కుమ్మరి దగ్గర పెద్ద కుండ, అందులో పట్టే చిన్న ముంత కొన్నాం. మధ్యలో ఇసుక పోసి తడిపాం. సీసాని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ముంతలో దించి, పైన తడి గోనెపట్టా కప్పాం. కిటికీ పక్కన గాలి తగిలేచోట, ఎండ పడకుండా. మూడింటికి వాళ్ల రేకుల ఇంట్లో గది వేడి 39. ముంతలో 29. పెద్దామె ముంతలో చెయ్యి పెట్టి చూసి, "నేను కూడా ఇందులోనే కూచుంటా" అంది.

రెంటచింతల గాలి తగిలే ఊళ్లు మావి. తిట్టుకునే ఈ పొడి ఎండే కుండకి బలం.

మే 9

చదివింది రాసుకుంటున్నాను. కెన్యాలో దదాబ్ శరణార్థి శిబిరాల వేడిని జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ కలిసి లెక్కలోకి తీసుకున్నారు. ఇన్సులిన్‌ని నాలుగు వారాలపాటు 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగే వేడిలో ఉంచి పరీక్షించారు. శక్తి తగ్గలేదు. 2021లో అచ్చయింది. 2023లో కాక్రేన్ సమీక్ష ఇంకో మాట చెప్పింది: మూత తియ్యని కొన్ని రకాల హ్యూమన్ ఇన్సులిన్ 25 డిగ్రీల దాకా ఆరు నెలలు, 37 దాకా రెండు నెలలు చెప్పుకోదగ్గ నష్టం లేకుండా నిలుస్తుంది.

ఫ్రిజ్ ఉన్నవాళ్లకి ఇది సాకు కాదు. తెరవని సీసా చోటు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే. పైగా మన రేకుల ఇళ్లు 37 దగ్గర ఆగవు.

మే 17, బందరు

పెళ్లి. ఇక్కడ కుండ ఓడిపోయింది. గది 34, కుండలో 31. సముద్రపు ఉక్కలో నీరు ఆరదు, ఆరకపోతే చల్లబడదు. నీళ్లలో తడిపి వాడే ఇన్సులిన్ సంచులకీ ఇదే తంటా.

అత్తయ్య సీసాని పెళ్లివారి ఫ్రిజ్‌లో మల్లెపూల పొట్లాల పక్కన పెట్టించాను. గంటకోసారి వెళ్లి చూశాను. పూలకి చోటు కావాలని ఎవరో ఒకరు దాన్ని ఫ్రీజర్లోకి తోస్తారని నా నమ్మకం. భోజనాలప్పుడు కొందరు మందుల సంచులు కారులోనే వదిలి దిగారు. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు అది.

మే 25

ఇవాళ రోహిణి కార్తె. ఎదురింటి మాస్టారికి చక్కెర దిగడం లేదు. ఇంట్లో అందరూ తప్పు బంగినపల్లి మామిడిపళ్ల మీద వేశారు. సీసా చూపించమన్నాను. ఆయనది పాలరంగు మందు. అరచేతుల మధ్య దొర్లిస్తే అంతా ఒకేలా కలవాలి. కలవలేదు, చిన్న చిన్న పలుకులు తేలాయి, గాజు లోపల తెల్లటి పొర పట్టింది. స్కూటర్ డిక్కీలో తిరిగిన మందు.

పలుకులు కనబడటం ఒకరకంగా అదృష్టం. శక్తి పోయినా పైకి ఏమీ తెలియని సీసాలుంటాయి. డాక్టరుకి ఫోన్ చేసి కొత్తది తెరవమన్నాను, మోతాదు సొంతంగా పెంచొద్దనీ చెప్పాను. పాడైన మందుకి పెంచిన మోతాదే మంచి మందుతో వేసుకుంటే కళ్లు తిరిగి పడతారు.

జూన్ 3

పెద్దామె ఇప్పుడు ఒక్క పూటా మానడం లేదట. కుండకి రోజూ రెండుసార్లు నీళ్లు మనవరాలు పోస్తోంది.

ఇన్సులిన్ రాసే డాక్టర్లకీ, ఇచ్చే నర్సమ్మలకీ ఒక్క మనవి. "ఫ్రిజ్‌లో పెట్టుకోండి" అనేముందు ఫ్రిజ్ ఉందా అని అడగండి. లేదంటే, పొడి ఎండల ఊరైతే కుండ సంగతి చెప్పండి, తెరవని సీసాలు దాచే చోటుండదు కాబట్టి ఒకేసారి నాలుగు సీసాలు చేతిలో పెట్టకండి.