వాటంలేని కాలు

పిల్లలూ, మా ఉప్పాడ ఇసుకలో బంతాడే కుర్రాళ్లు చాలామంది కుడికాలితోనే తంతారు. బంతి ఎడమవైపు వస్తే వదిలేస్తారు.

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులుగారు ఉండేవారు. ఫుట్‌బాల్ నేర్పడంలో ఆయన దిట్ట. వాటంలేని కాలితోనే తన్నాలని నియమం పెట్టి పోటీలు జరిపించేవారు. కొత్తగా వచ్చినవాడు తడబడతాడు. కాని అక్కడ అందరూ తడబడేవాళ్లే, ఇక నవ్వేదెవరు?

సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంను గుర్తించింది ఆయనే. సాధనకు రావడానికి అద్దె సైకిలుకు డబ్బుకూడా ఇచ్చారు. బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన రహీంగారి జట్టులోనూ ఉన్నాడు.

మీకు లెక్కలు రావా? అవే మీ వాటంలేని కాలు. ముందు వాటినే పట్టండి. పెద్దలారా, పిల్లలు తడబడినప్పుడు మీరు నవ్వకండి.