అవ్వ చెప్పే కాలం, పరీక్షలో అడిగే కాలం



మేం ఆకివీడులో ఒకే గదిలో ఉంటున్న నలుగురం. ముగ్గురం పోలవరం ఏజెన్సీ కోయ, కొండరెడ్డి పిల్లలం. ఒకడు ఇక్కడే కొల్లేటి గట్టు యానాది. మొన్న పరీక్షకి చదువుతుంటే "కథలో కాల సూచికలు గుర్తించండి" అనే ప్రశ్న దగ్గర ఆగిపోయాం. అందరం తేదీల కోసం వెతుకుతున్నాం, అదే తప్పు.

మాకు పనికొచ్చిన పద్ధతి ఇది. కథ ఎంతసేపు జరిగింది? దాన్ని ఎంత పొడవున చెప్పారు? ఏ మాట పట్టుకుని వెనక్కి వెళ్లారు?

నవీన్ 'అంపశయ్య' (1969) చూడండి. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి జీవితంలో ఒక్క రోజు. కానీ పెద్ద నవల అయింది, ఎందుకంటే గడియారం మెల్లగా నడుస్తుంటే రవి మనసు మాత్రం పాత రోజుల్లోకి పరిగెడుతుంది. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో ముసలాయన పందిని వెతుక్కుంటూ అడవికి పోతాడు. అక్కడ గడియారమే లేదు. పొద్దు వాలడం, చీకటి పడటం, ఇవే కాల సూచికలు.

అది చదివాక మాలో ఒకడు, "మా అవ్వ చెప్పేదీ ఇట్టాగే కదరా" అన్నాడు.

నిజమే. "పెద్ద వరదప్పుడు మీ నాన్న చంకలో ఉన్నాడు, నాకు మూడోవాడు" అంటదంట వాళ్లవ్వ. ఆ వరద 1986 ఆగస్టుది. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. కొల్లేటి తమ్ముడి ఇంట్లో "చెరువులు కొట్టేయక ముందు" అంటారు. అది 2006 ఆపరేషన్ కొల్లేరు.

ఇప్పుడు అసలు విషయం. కార్డులో అవ్వ పుట్టిన సంవత్సరం 1978. అంటే వరదనాటికి ఎనిమిదేళ్లు, చంకలో మూడో బిడ్డ! ఎవరో తోచిన అంకె వేసేశారు. దాంతో వయసు చాలలేదని పింఛను కాగితం రెండుసార్లు తిప్పి పంపారు.

మేం కూర్చుని లెక్క కట్టి, వరద మాటతో సహా అర్జీ రాసిచ్చాం. ఇంకా తేలలేదు. తేలేదాకా తిరుగుతాం.

మీ ఇంట్లో పెద్దోళ్లు ఏ మాట పట్టుకుని వెనక్కి వెళ్తారో ఈ ఆదివారమే అడగండి. పక్కన సంవత్సరం రాసి పెట్టుకోండి. పరీక్షలో అది రెండు మార్కులే, ఇంట్లో మాత్రం ఒక అవ్వ వయసు.