బాబ్ కాదు, రొబెర్టో

బేస్‌బాల్‌లో బ్యాటుతో బంతిని కొట్టి, అవతలివారు అవుట్ చేసేలోగా మొదటి మజిలీకి క్షేమంగా చేరడాన్ని 'హిట్' అంటారు. 1961లో అమెరికన్ పత్రికలు ఈ చిన్న మాటను 'హీట్' అని అచ్చువేశాయి. పలికినవాడు రొబెర్టో క్లెమెంటే. ప్యూర్టోరికో ద్వీపవాసి, మాతృభాష స్పానిష్. విన్నది విన్నట్లే రాశామని ఆ విలేకరులు అనవచ్చు. అనువాదం వృత్తిగా గల నాకు ఆ సమాధానం రుచించదు. పరాయి భాషలో తడుముకుంటున్న మనిషి చెప్పిన అర్థాన్ని విడిచి, అతని దీర్ఘాన్ని మాత్రం పట్టుకోవడం వెక్కిరింతే.

క్లెమెంటే 1934లో చెరకుతోటల మేస్త్రీ ఇంట పుట్టాడు. 1955లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టులో చేరి, 18 సీజన్లు ఆ జట్టుకే ఆడాడు. బ్యాటింగు సగటులో నేషనల్ లీగుకు నాలుగుసార్లు ప్రథముడు. ఫీల్డింగుకిచ్చే గోల్డ్ గ్లవ్ 12 సార్లు పొందాడు. అయినా అభిమానులు దాచుకునే కార్డులమీద అతని పేరు ఏళ్లతరబడి 'బాబ్' అనే ఉండేది. రొబెర్టో అనడానికి నోరు తిరగలేదు కాబోలు! 1954 చివర కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతింది. ఆ నొప్పి గురించి చెప్పుకుంటే, లేని రోగాలు ఊహించుకుంటాడని రాశారు.

1971లో పైరేట్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. ఏడు ఆటలలోనూ హిట్లు కొట్టిన క్లెమెంటే ఆ సిరీస్‌కు ఉత్తమ క్రీడాకారుడు. టెలివిజన్ మైకు ముందుకు రాగానే అతడు అనుమతి కోరి, మొదట స్పానిష్‌లో మాట్లాడాడు. దూరాన ఉన్న తల్లిదండ్రులను ఆశీర్వదించమని అడిగాడు. ఇంగ్లీషు వారి వంతు తరువాత వచ్చింది. ఈ ఘట్టం నాకు అతని హిట్లన్నిటికంటె ఇష్టం.

ఆ హిట్లు సరిగ్గా 3,000. చివరిది 1972 సెప్టెంబర్ 30న కొట్టాడు. డిసెంబర్ 23న నికరాగువా రాజధాని మనాగువాను భూకంపం నేలమట్టం చేసింది. సహాయ సామగ్రి బాధితులకు చేరకుండా పక్కదారి పడుతున్నదని విని, తానే వెంట ఉంటే ఆ అక్రమం సాగదని క్లెమెంటే బయలుదేరాడు. 31వ తేదీ రాత్రి, మోయలేని బరువుతో లేచిన ఆ పాత విమానం శాన్ హువాన్ సమీపాన సముద్రంలో కూలింది. శవం దొరకలేదు. వయస్సు 38.

ప్రఖ్యాత క్రీడాకారుల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరడానికి అయిదేళ్లు ఆగాలన్న నియమాన్ని సడలించి, 1973లోనే అతనికి చోటిచ్చారు. కంచు ఫలకంమీద మాత్రం 'రొబెర్టో వాకర్ క్లెమెంటే' అని పోతపోశారు. స్పానిష్ సంప్రదాయంలో తండ్రి ఇంటిపేరు ముందు, తల్లి పుట్టింటి పేరు వెనుక వస్తాయి. పరదేశపు దరఖాస్తులలో ఇంటిపేరు తోకకు జరిగిన తెలుగువారికి ఈ చిక్కు వివరించనక్కరలేదు. 2000లో ఆ ఫలకాన్ని మళ్లీ పోతపోసి, 'రొబెర్టో క్లెమెంటే వాకర్' అని వరుస సరిచేశారు.