కేలండరు వెనుక వ్రాసినవి

పొదుపును గురించి ఒకరికి బోధించేంత పెద్దవారము కాము. మాలో ఒకరిది తాపీ పని, ఒకరిది పొలం పని. మా ఇంట జరిగిన సంగతి ఏ ఒక్క కుటుంబానికైనా పనికివస్తుందేమోనని భార్యాభర్తలమిద్దరమూ కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది పల్నాటిలో మిరప పండే ఊరు. 2019లో మా అమ్మాయి ఇంటరు ముగించి నర్సింగులో చేరుటకు సిద్ధపడింది. చేరిన రోజునే 12,000 రూపాయలు కట్టవలెనన్నారు. కబురు తెలిసినది బుధవారం, కట్టవలసినది సోమవారం. ఆ రాత్రి బియ్యపు డబ్బాలో దాచినదీ, చొక్కా జేబులోనిదీ కలిపి చూస్తే తొమ్మిది వందలు తేలింది. సంవత్సరమంతా ఇద్దరమూ పనికి పోయినవారమే. మా ఇంట త్రాగుడు లేదు, పేకాట లేదు. మరి కష్టపడిన డబ్బు ఏమైనట్టు?

తలెత్తి చూస్తే జవాబు ఇంట్లోనే ఉన్నది. వారం వారం మోపెడ్ మీద వచ్చే అతని దగ్గర ఆ ఏడాది వాయిదాల మీద తీసుకున్నవన్నీ మా అమ్మాయి చేత కాగితం మీద వేయించాము. చీరలు రెండు 2,800. పండ్లరసం తీసే మిషను 3,200. కుర్చీలు ఆరు 3,600. స్టీలు గిన్నెల సెట్టు 2,900. దుప్పట్లు నాలుగు 2,400. కిటికీ తెరలు 1,100. మొత్తం 16,000 రూపాయలు. పండ్లరసం మిషను రెండుసార్లు వాడి అటక మీద పెట్టాము. తెరల సంగతి చెప్పుటకే సిగ్గు. మా ఇంటికున్నవి రెండు కిటికీలు, అందులో ఒకదానికి రెక్కలే లేవు.

అమ్మాయి ఆ కాగితం చూచి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

చెవిదుద్దులు తాకట్టు పెడితే 8,000 వచ్చింది, నూటికి రెండు రూపాయల వడ్డీ. మిగిలిన 4,000 మా పిల్లల నాయనమ్మ ఇచ్చింది. పింఛనులో మిగుల్చుకొని, తన సమాధి పెట్టె ఖర్చుకని రేకు డబ్బాలో దాచుకున్న డబ్బు అది. “పిల్ల చదువు ఆగకూడదురా, నాకేం తొందరా?” అని నవ్వుతూనే ఇచ్చింది గాని, ఆ నోట్లు లెక్కపెట్టునప్పుడు మా చేతులు వణికినవి.

మోపెడ్ అతనిని మేము తప్పు పట్టము. అతనూ మనవంటి కుటుంబీకుడే, ఎండలో ఊరూరూ తిరిగి బ్రతుకుతాడు. “అక్కా, ఇప్పుడేం ఇవ్వొద్దులే, నచ్చితే ఉంచుకో” అనేవాడు. ఆ మాటకే మేము పడిపోయాము. తరువాత నరసరావుపేట బజారులో అటువంటి చీరే చూచాము. రొక్కానికి వెయ్యి రూపాయలు. మేము కట్టినది వారానికి 140 చొప్పున పది వారాలు, అనగా 1,400. ఆ వెయ్యి రూపాయలే ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుని ఉంటే, పది వారాలకు వడ్డీ 50 రూపాయలు కూడా అయ్యేది కాదు. రెండు రూపాయల వడ్డీ అంటే గుండె జల్లుమనే మేము, నాలుగు వందలు ఎక్కువ పెట్టి ఇంట్లోకి పిలుచుకున్నాము.

ఆ వారమే ఒక పద్ధతి పెట్టుకున్నాము. ఎవరికి ఏది కొనాలనిపించినా కేలండరు వెనుక ఆ వస్తువు పేరు, తేదీ వ్రాయాలి. నెల తిరిగేదాకా కొనకూడదు. నెల తరువాత అందరమూ చూచి, ఇంకా కావాలనుకుంటే రొక్కం ఇచ్చి కొనాలి. మందులకూ, పుస్తకాలకూ, తిండికీ ఈ కట్టుబాటు లేదు. మొదటి మూడు నెలలలో 11 వస్తువులు వ్రాశాము. వాటిలో ఏడు మేమే కొట్టివేశాము. ఒకటి ఎందుకు వ్రాశామో కూడా జ్ఞాపకం రాలేదు!

చిన్న ఖర్చులు కూడా అప్పుడే కంటబడినవి. పొద్దున్నుండి సాయంకాలం దాకా మిరపకాయలు కోసే ఇంట్లో కారం ప్యాకెట్టు కొనుచున్నాము. ఇప్పుడు కోతల కాలంలోనే కాయలు తీసుకుని, ఎండబెట్టి, మిల్లులో ఆడించుకుంటాము. ట్రంకు పెట్టెలో తెల్లచీరలు తొమ్మిది ఉండగా ప్రతి పండుగకూ పదవది వెదికే అలవాటు కూడా మానుకున్నాము.

అయితే ఒక చోట మేము పొరబడ్డాము. ఆ క్రిస్మసుకు ఎవరికీ క్రొత్తబట్టలు వద్దనుకున్నాము. పెద్దవాళ్లకు పరవాలేదు. పదేండ్ల మా అబ్బాయి మాత్రం పాత చొక్కాతో గుడిలో ముందు వరుసకు రాక, తలుపు దగ్గరే నిలబడిపోయాడు. పిల్లవాని చొక్కా అనవసరపు ఖర్చు కాదని ఆ రోజే అనుకున్నాము. మరుసటి సంవత్సరం నుండి పిల్లలకు ఒక్కొక్క జత కొంటున్నాము. దానికి కేలండరు అడ్డు లేదు.

2020 మార్చి మొదటి వారంలో, మిరప కోతల కూలితో దుద్దులు విడిపించుకున్నాము. ఏడు నెలల వడ్డీ 1,120 అయింది. ఆ నెల 25 నుండి లాక్‌డౌను వచ్చి తాపీ పని పూర్తిగా ఆగిపోయింది. తలమీద వాయిదాలు లేవు గనుక ఉన్న గింజలతో గడిచింది. పోస్టాఫీసులో నెలకు 500 చొప్పున మొదలుపెట్టిన ఐదేండ్ల డిపాజిట్టుకు అప్పుడు రెండు నెలలు కట్టలేకపోయి, తరువాత సరిచేసుకున్నాము. 2024లో అది చేతికి వచ్చినప్పుడు, అసలు 30,000 మీద వడ్డీ కూడా కలిసింది. అమ్మాయి అప్పటికే చదువు ముగించి గుంటూరులో ఉద్యోగం చేస్తున్నది. రేకు డబ్బాలో నాలుగు వేలు తిరిగి పెట్టబోతే నాయనమ్మ, “నాకింకా దాని అవసరం రాలేదులేరా, పైకప్పు చూడండి ముందు” అన్నది. డబ్బు డబ్బాలోనూ పెట్టాము, పైకప్పూ వేయించాము.

ఇప్పుడు మాకున్న పోరాటం ఫోనుతో. అయిదు వందల నోటు మార్చునప్పుడు చేయి ఒక్క క్షణం ఆగుతుంది. ఫోనులో డబ్బు పంపునప్పుడు ఆగదు. అబ్బాయికి పదహారు నిండినవి. అందులో బొమ్మ చూచి బూట్లు కావాలంటాడు. వాడిచేత కూడా కేలండరు వెనుకనే వ్రాయిస్తున్నాము. వ్రాస్తాడు గాని, ముఖం ముడుచుకుని వ్రాస్తాడు.

మోపెడ్ అతను ఇప్పటికీ వస్తాడు. మొన్న మూట దించి, “మీ ఇంట్లో నా బేరం పోయింది గదక్కా” అన్నాడు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాము. కేలండరు త్రిప్పి చూస్తే దోమతెర అని వ్రాసి రెండు నెలలు దాటినది. వాయిదాల మీద 600 అన్నాడు. రొక్కం చేతిలో పెట్టేసరికి 450కి ఇచ్చాడు. ఆ రాత్రి నాయనమ్మ మంచానికి కట్టాము.