మెడలో బెల్టుతో

మెడలో బెల్టుతో వీధిలో తిరిగే కుక్కను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కుక్క మీద కాదు, దాన్ని వదిలేసి వెళ్ళినవాళ్ళ మీద. అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ సందుల్లో ఎప్పుడూ అలాంటిది ఒకటి కనబడుతూనే ఉంటుంది. మొన్నటిది లాబ్రడార్. వీధికుక్కకు ఆటో వస్తే తప్పుకోవడం తెలుసు. దీనికి అదీ తెలియదు. నడిరోడ్డు మీద నిలబడి, ఆగిన ప్రతి స్కూటీ దగ్గరికీ తోకూపుకుంటూ వెళ్ళి, దిగినవాళ్ళ మొహంలోకి చూస్తోంది. రాత్రి మా సందు కుక్కలు దాన్ని తరిమి తరిమి కరిచాయి. వాటినీ తప్పుపట్టలేను. సందు చివర ఉన్నది ఒక్కటే టిఫిన్ బండి, దాన్ని నమ్ముకున్నవి ఇప్పటికే అరడజను.

ఇక్కడ మనుషులకే చోటు లేదు. రెండువందల గజాల జాగాలో ఒకప్పుడు చిన్న ఇల్లు, ముందు జామచెట్టు, వెనక బోరింగు ఉండేవి. ఇప్పుడు అదే జాగాలో ఐదంతస్తుల హాస్టలు, గదికి నాలుగు మంచాలు, మెట్ల కింద చెప్పుల గుట్ట. కుక్క కాలు మోపడానికి పిడికెడు మట్టి మిగల్లేదు. సైబీరియా మంచులో బండ్లు లాగే జాతి హస్కీ. దాన్ని తెచ్చి ఇలాంటిచోట బాల్కనీ కమ్మీకి కడతారు. 2003లో హచ్ ప్రకటనలో పగ్‌ని చూసి అందరికీ అదే ముద్దొచ్చింది. ఆ చప్పిడి ముక్కుతో మే నెల ఎండకి అది రొప్పుతూ పడే అవస్థ ప్రకటనలో ఎవరూ చూపించలేదు. తర్వాత ఉద్యోగం పూణేకి మారుతుంది. లేదా కొత్త ఓనరు కుక్కలుంటే ఇల్లివ్వనంటాడు. అప్పుడు కారెక్కించి నాలుగు వీధుల అవతల దింపేస్తారు. బెల్టు విప్పే ఓపిక కూడా ఉండదు.

ఇది నేరం. జంతుహింస నివారణ చట్టం 1960లోనే వచ్చింది. జంతువును ఆకలిదప్పులతో అలమటించేలా వదిలేస్తే శిక్ష అని 11వ సెక్షన్ చెబుతుంది. ఆ శిక్ష ఎంతో తెలుసా? మొదటిసారికి పది నుంచి యాభై రూపాయల జరిమానా. అరవై ఏళ్ళయినా ఆ అంకె కదల్లేదు. పది రూపాయలు! ఈ ఊళ్ళో ఇరానీ చాయ్ కూడా రాదు. ఇన్నేళ్ళు మన గడపలో కాపలా కాసి, మన పిల్లల పక్కన పడుకున్న ప్రాణానికి చట్టం కట్టిన విలువ అది. నాకు ఆ అంకె తలచుకుంటే ఆ పూట అన్నం సయించదు.

మా నాయనమ్మకు ఏ సెక్షనూ తెలియదు. నాన్నకి తెనాలి నుంచి ఏలూరు బదిలీ అయినప్పుడు, “కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది, దాన్ని ఇక్కడే వదిలేయండమ్మా” అని అందరూ చెప్పారు. పిల్లి లేకుండా లారీ ఎక్కనంది ఆవిడ. వెదురుబుట్టలో దాన్ని పెట్టి, పైన పాతచీర కట్టి, ఏలూరు దాకా బుట్ట ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. కొత్త ఇల్లు దానికి అలవాటయ్యేదాకా వంటింటి తలుపులు మూసి, తనూ అక్కడే చాప వేసుకుని పడుకుంది. కొత్తగా ఎవరొచ్చారో చూద్దామని వచ్చిన పక్కింటివాళ్ళు పిల్లితో ఆడుతూ ఉండిపోయేవాళ్ళు. నెల తిరక్కుండానే పవర్‌పేటలో మాది ‘పిల్లి వాళ్ళిల్లు’ అయింది. మా ఇంట్లో ఎవరం చేపలు తినం. అయినా కొల్లేరు చేపలమ్మే ఆవిడ రోజూ మా గుమ్మం ముందు గంప దించి, ఓ చిన్న పరిగె దానికి వేసి, నాయనమ్మతో కష్టసుఖాలు చెప్పుకున్నాక గానీ వెళ్ళేది కాదు.