కలిగిరి నుండి ఫతే మైదానం దాకా

నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలో, కావలి నుండి ఉదయగిరికి పోయే దారిలో ఉన్నది కలిగిరి. తూర్పుగా వెళితే కావలిలో రైలు అందుతుంది. పడమరగా వెళితే వింజమూరు, దుత్తలూరు దాటిన తరువాత ఉదయగిరి దుర్గం ఎదురవుతుంది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకున్న కొండ అది. తరువాతి కాలంలో గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోకి వచ్చినది. ఆ కాలపు మస్జిద్ కొండపైన నేటికీ ఉన్నది. కొండ కింది ఊరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే కుటుంబాలున్నాయి. వారి పనితనానికి 2015లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇది వానను నమ్ముకున్న నేల. వాన ముఖం చాటేసిన ఏడు యువకులు ఊరు విడుస్తారు. కొందరు హైదరాబాదుకు, కొందరు చెన్నైకి, మరికొందరు కువైట్‌కు వెళతారు. పండుగకు తిరిగి వచ్చేటప్పుడు అత్తరు సీసాలు, ఖర్జూరాలు మాత్రమే తీసుకురారు. వెళ్లిన చోట అలవడిన అభిరుచులు కూడా వెంట తెస్తారు. క్రికెట్ తప్ప మరొక ఆట పేరు వినపడని మా వీధులలో ఇప్పుడు ఫుట్‌బాల్ మాట వినిపించడానికి కారణం ఈ రాకపోకలే. అసర్ నమాజు ముగిసి మగ్రిబ్ అయ్యేలోపు టీ అంగడి బల్లల మీద ఏ ఆటగాడు నిజాయితీపరుడు, ఏవడు డబ్బు మనిషి, ఏ క్లబ్బు బాగుపడుతుంది, ఏది మునుగుతుంది అన్న తగవు తెగకుండా సాగుతుంది.

గత ఈద్ సెలవులలో ఆ తగవు హైదరాబాద్ ఎఫ్‌సీ మీదికి మళ్లినది. ఆ క్లబ్బు కథను పాఠకులకు క్లుప్తంగా చెప్పాలి. 2019లో పూణే నగరపు క్లబ్బు మూతపడగా దాని స్థానంలో హైదరాబాదులో ఇది వెలసినది. గచ్చిబౌలి స్టేడియం దాని ఇల్లు, పసుపు రంగు దాని గుర్తు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఐఎస్‌ఎల్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీలలో గెలిచి ఛాంపియన్ అయినది. రెండేళ్లు తిరగకుండానే ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు బకాయిపడినవి. 2024 జనవరిలో పలువురు ఆటగాళ్లు విడిచి వెళ్లారు. ఆ సీజనులో 12 జట్లలో చివరి స్థానం దక్కినది. యాజమాన్యం చేతులు మారినది. చివరకు 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకున్నది.

హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒక యువకుడు గచ్చిబౌలిలో పసుపు చొక్కా వేసుకుని కేకలు వేసినవాడు. అతని బాధ నిజమైనది. "కప్పు గెలిచినప్పుడు భుజాల మీద మోశామే, కష్టం వచ్చేసరికి పారిపోయినారు. వాళ్లది నమ్మకద్రోహం కాదా?" అని అడిగినాడు. అతనికి ఎదురుగా కూర్చున్నవాడు కువైట్‌లో బండి తోలేవాడు. ఒక యజమాని వద్ద మూడు నెలలు జీతం లేకుండా పని చేసి, చివరకు వదలి వచ్చినవాడు. అతడు నెమ్మదిగా అన్న మాట ఇది: "జీతం ఇయ్యకుంటే ఎట్టా ఆడతారన్నా? నేను వదిలేసి వచ్చినానే, నాది కూడా ద్రోహమేనా?" బల్ల మీద మాటలు ఆగిపోయినవి. అందరూ నా వైపు తిరిగి, "హజ్రత్, మీరు చెప్పండి" అన్నారు.

అది ఒక్క మాటలో తీర్చదగిన తగవు కాదని నాకు తోచినది. కార్మికుని వేతనాన్ని జాప్యం చేయరాదని దైవప్రవక్త (స) ఎంత గట్టిగా బోధించారో మనకు తెలుసు. ఒప్పందం ఇరు పక్షాలనూ కట్టివేస్తుంది. ఒక పక్షం తన వంతు నెరవేర్చనప్పుడు రెండవ పక్షాన్ని ద్రోహి అనడం న్యాయం కాదు. ఇంతవరకు చెప్పగలిగాను. అయితే మొదటి యువకుని దుఃఖానికి ఇది జవాబు కాదు. అతడు పోగొట్టుకున్నది ఆటగాళ్లను మాత్రమే కాదు, తనదనుకున్న ఒక గూటిని. దానికి జవాబు వెదకడానికి సందర్భం కొద్ది వారాలకే వచ్చినది.

మదరసా పుస్తకాల పని మీద హైదరాబాదు వెళ్లవలసి వచ్చినది. కావలిలో రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగాను. పని ముగించుకుని జుహర్ తరువాత బషీర్‌బాగ్ వైపు నడిచాను. నేటి లాల్ బహాదుర్ స్టేడియం అక్కడే ఉన్నది. దాని పాత పేరు ఫతే మైదానం. 1687లో గోల్కొండ ముట్టడి తరువాత మొగలుల విజయాన్ని బట్టి ఆ పేరు వచ్చినదని చెబుతారు. అయితే నేను చూడవచ్చినది ఆ విజయపు ఆనవాళ్లు కావు. ఒక బడిపంతులు నడచిన నేలను చూడాలని వచ్చాను.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించారు. వృత్తి ఉపాధ్యాయత్వం, అందుకే లోకం ఆయనను రహీం సాహెబ్ అని పిలిచినది. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా పనిచేశారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును కూడా తెచ్చినది. భారత జట్టుకు శిక్షకుడుగా ఆయన 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణాలు సాధించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగవ స్థానం పొందినది. క్యాన్సర్‌తో బాధపడుతూనే జకార్తా వెళ్లి వచ్చిన ఆయన 1963 జూన్ 11న మరణించారు.

ఈ విజయాల వెనుక ఉన్న పని తీరును మనం గమనించాలి. రహీం సాహెబ్ బాలుర కోసం విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ ఒక్కడే పరుగెత్తడం నిషేధం. అందినవాడు వెంటనే సహచరునికి అందించాలి. మరొక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. మొదటిది స్వార్థాన్ని, రెండవది సోమరితనాన్ని అణచడానికి. ఆటగాని నడవడిక మీద బల్ల దగ్గర కూర్చుని తీర్పు చెప్పేవారు ఎందరో ఉంటారు. నడవడికను నియమంగా మార్చి పసితనంలోనే కాళ్లకు నేర్పినవాడు ఈ ఉపాధ్యాయుడు.

ఆ నేల మరొక రకం మనుషులను కూడా కన్నది. మొహమ్మద్ హబీబ్ హైదరాబాదు నుండి కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. పరస్పరం బద్ధవైరం గల మూడు క్లబ్బులవి. నేటి మాటలలో చెప్పాలంటే ఆయన మూడు సార్లు ద్రోహి కావాలి. కాని కలకత్తా ఆయనను 'బడే మియా' అని గౌరవించినది. ఏ చొక్కా వేసుకున్న రోజున ఆ చొక్కాకు తన శక్తిలో ఏమాత్రం మిగుల్చుకోకుండా ఇచ్చేవారు గనుకనే ఆ గౌరవం. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పేలే ఆడిన కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినప్పుడు అందులో ఒక గోలు హబీబ్‌దే. 2023 ఆగస్టు 15న ఆయన హైదరాబాదులోనే కన్నుమూశారు.

అభిమానుల నడవడిక సంగతి కూడా చెప్పుకోవాలి. 1962లో జకార్తా ప్రేక్షకులు మన ఆటగాళ్లను అడుగడుగునా ఎగతాళి చేశారు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశం నిరాకరించిన విషయంలో జి.డి. సోంధీ అనే మన అధికారి చేసిన విమర్శ వారికి కోపం తెప్పించినది. ఆ మాటతో ఆటగాళ్లకు సంబంధం లేదు. అయినా నింద వారే మోశారు. జర్నైల్ సింగ్ తలకు కుట్లతోనే ఆడి గోలు కొట్టగా, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి మన జట్టు మాటతో కాక ఆటతో జవాబిచ్చినది.

1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో జరిగినది అంతకంటె ఘోరం. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆటలో ఇద్దరు ఆటగాళ్లు కలబడి మైదానం బయటికి పంపబడ్డారు. ఆ కోపం గ్యాలరీలకు ఎక్కినది. తొక్కిసలాటలో 16 మంది అభిమానులు మరణించారు. ఆటగాళ్లిద్దరూ ఆ రాత్రి ఇళ్లకు చేరారు. వారి కోసం తగవులాడినవారిలో 16 మంది చేరలేదు. ఎవరి తల్లి ఒడి ఖాళీ అయినదో లెక్కించుకుంటే, ఆట గురించిన వాదనకు ఎక్కడ హద్దు గీయాలో ఎవరూ బోధించనక్కరలేదు.

స్టేడియం ఎదుట నిలబడినప్పుడు గచ్చిబౌలి యువకుని దుఃఖం మళ్లీ గుర్తుకు వచ్చినది. 2019లో హైదరాబాదు సంబరపడిన రోజున పూణేలో అతనివంటి యువకుడే ఒకడు తన చొక్కాను పెట్టె అడుగున దాచి ఉంటాడు. 2025లో ఢిల్లీ సంబరపడిన రోజున ఆ పని హైదరాబాదు వంతు అయినది. కొనుగోలు చేసిన గూడు కొనుగోలుతోనే కదలిపోతుంది. అందులో ఆటగాడి ద్రోహం వెదకడం వృథా. సిటీ పోలీసు జట్టు అలా వచ్చినది కాదు. ఈ ఊరి బడులలో, ఈ ఊరి మైదానాలలో, ఈ ఊరి ఉపాధ్యాయుని చేతులలో పెరిగిన పిల్లలు దానిని నిలబెట్టారు. ఒక క్లబ్బు భవిష్యత్తు ఎలా ఉంటుందని అడిగేవారు యజమాని సంపదను కాక, ఆ ఊరిలో సాయంత్రం పూట ఎందరు పిల్లలు బంతి వెంట పరుగెత్తుతున్నారో లెక్కించాలి.

ఆ లెక్క ప్రకారం హైదరాబాదు కూడా జాగ్రత్త పడవలసినదే. దారి పొడవునా నేను చూసిన ఖాళీ స్థలాలు వాహనాలతో, కట్టడాలతో నిండి ఉన్నవి. మన పల్లెలకు ఇంకా ఆ కరువు రాలేదు. ఉదయగిరిలో చెక్క గరిటె చెక్కే విద్య తరతరాలు నిలిచినది పెద్ద అంగడి వల్ల కాదు. ఇంట్లో పెద్దలు పిల్లల చేతికి ఉలి ఇచ్చినందువల్ల. ఆటైనా, విద్యైనా, మంచి నడవడికైనా నిలిచే మార్గం అదొక్కటే.

తిరిగి వచ్చిన తరువాత శుక్రవారం సెలవు పూట మదరసా వెనుక చదును చేసిన స్థలంలో పిల్లలకు ఒక బంతి ఇచ్చి రహీం సాహెబ్ నియమాన్ని చెప్పాను: ఎడమ కాలితోనే తన్నాలి, అందిన బంతిని అట్టే పెట్టుకోరాదు. మొదటి వారం బంతి కంచె అవతలికే పోయినది. పడినవాడిని చూసి నవ్వినవాడు తన వంతు వచ్చినప్పుడు తానూ పడ్డాడు. మూడవ వారానికి నవ్వులు తగ్గి, పడినవాడికి చేయి అందించేవారు కనిపించారు. కువైట్ నుండి వచ్చిన ఆ యువకుడు తిరుగు ప్రయాణానికి ముందు పిల్లలకు మరో రెండు బంతులు కొనిచ్చి వెళ్లాడు. గచ్చిబౌలి యువకుడు ఇప్పుడు నెలకొకసారి ఊరికి వచ్చినప్పుడు వారికి ఈల ఊదుతున్నాడు.